చెప్పుకోలేని ఉద్యోగంలో చెప్పి తీరాల్సిన మాట

మన ఇళ్ళలో ఆఫీసు సంగతులు చాలావరకు భోజనాల దగ్గరే తేలిపోతాయి. మేనేజరు ఏమన్నాడో, ఎవరి పనిని ఎవరు తన పేరు మీద చూపించుకున్నారో, మీటింగులో మనం నోరు తెరిచామో మూసుకున్నామో అన్నీ అన్నం తింటూ చెప్పుకుంటాం. లేదంటే వారాంతంలో అక్కకో, స్నేహితురాలికో ఫోను చేస్తాం. "నువ్వన్నది సరైనదే" అనో, "అంత దూరం లాగకుండా ఉండాల్సింది" అనో అటునుంచి ఒక మాట వస్తుంది. మంచిచెడ్డల తూకం మనం అలాగే సరిచూసుకుంటూ ఉంటాం.

ఆ వెసులుబాటు లేని ఉద్యోగాలు కొన్ని ఉన్నాయి. రక్షణ శాఖ, గూఢచారి సంస్థలు, వాటికి పనిచేసే కంపెనీలు, ప్రభుత్వ సైబర్ సెక్యూరిటీ విభాగాలు. అమెరికాలో ఇలాంటి పనికి సెక్యూరిటీ క్లియరెన్స్ కావాలి. సాధారణంగా దానికి గ్రీన్‌కార్డు చాలదు, పౌరసత్వం ఉండాలి. అందుకే మన తరంలో ఈ ఉద్యోగాలు చేసినవాళ్ళు తక్కువ. ఇక్కడే పుట్టి పెరిగిన మన పిల్లలకు మాత్రం ఆ తలుపులు తెరిచే ఉన్నాయి. "ఏం పని చేస్తున్నావమ్మా?" అని మనం అడిగితే, "చెప్పకూడదమ్మా" అనే రోజు ఏ ఇంట్లోనైనా రావచ్చు.

రహస్యం అవసరమే. కొన్ని సంగతులు బయటికి పొక్కితే ప్రాణాలు పోతాయి. కానీ ఆ రహస్యం లోపల ఒక తప్పు జరుగుతుంటే, దాన్ని చూసిన మనిషి ఎవరితో చెప్పుకోవాలి? భర్తకు చెప్పకూడదు, అమ్మకు చెప్పకూడదు. పైవాళ్ళేమో దేశం ప్రమాదంలో ఉంది, త్వరగా కానివ్వమంటారు. పక్క సీటువాళ్ళు నలుగురితో నారాయణా అనుకుంటారు. అలాంటి చోట న్యాయంగా నిలబడటమంటే ఏమిటో తెలియాలంటే, సరిగ్గా ఆ పరీక్షే ఎదురైన నలుగురి సంగతి చూడాలి. ముగ్గురు స్త్రీలు, ఒక పురుషుడు. అంతా 2001 నుంచి 2004 మధ్య జరిగిన కథే.

మినియాపొలిస్ నుంచి 13 పేజీలు

2001 ఆగస్టు మధ్యలో మినెసోటాలోని ఒక విమాన శిక్షణ సంస్థ నుంచి ఎఫ్.బి.ఐ.కి ఫోను వెళ్ళింది. అనుభవం దాదాపు లేని ఒక విద్యార్థి జంబో జెట్ నడపడం నేర్పమంటున్నాడని, అతని వాలకం అనుమానంగా ఉందని. ఆగస్టు 16న ఆ విద్యార్థిని వీసా గడువు దాటిందన్న కారణంతో అదుపులోకి తీసుకున్నారు. అతని పేరు జకారియాస్ ముసావీ. అతని లాప్‌టాప్ తెరిచి చూడాలని మినియాపొలిస్ ఏజెంట్లు పట్టుబట్టారు. దానికి కోర్టు వారంటు కావాలి, ఆ దరఖాస్తు వాషింగ్టన్‌లోని ప్రధాన కార్యాలయం మీదుగా వెళ్ళాలి. ఆధారాలు చాలవంటూ అక్కడివాళ్ళు దాన్ని ముందుకు పంపలేదు. సెప్టెంబర్ 11 వచ్చింది. దాడి జరిగాకే వారంటు దొరికింది.

కొలీన్ రౌలీ అప్పుడు ఎఫ్.బి.ఐ. మినియాపొలిస్ కార్యాలయానికి ప్రధాన న్యాయ సలహాదారు. దాడి తర్వాత ఎఫ్.బి.ఐ. అధిపతి రాబర్ట్ ముల్లర్, ముందస్తు హెచ్చరికలేవీ తమకు లేవన్నట్టుగా మాట్లాడారు. ఆ మాట నిజం కాదని మినియాపొలిస్‌లో అందరికీ తెలుసు. ఆయనకు సంగతి చేరవేయాలని ప్రయత్నించారు కూడా. అయినా పై నుంచి వచ్చే మాట పూర్తిగా మారలేదు. హెచ్చరికలున్నా దాడిని ఆపగలిగేవాళ్ళం కాదన్న చోటికి జరిగిందంతే.

2002 మే 21న రౌలీ ముల్లర్‌కు 13 పేజీల లేఖ రాశారు. సెనేట్ ఇంటెలిజెన్స్ కమిటీలోని ఇద్దరు సభ్యులకు కూడా అందేలా చూశారు. అందులో ఆమె ఆవేశపడలేదు. ఏ రోజు ఏం జరిగింది, ఎవరు ఏ కారణం చెప్పి ఆపారు, ఆ తర్వాత బయటికి చెప్పిన మాటల్లో ఏ మాట వాస్తవానికి దూరంగా ఉంది, ఇవన్నీ వరసగా పెట్టారు. వారంటు వచ్చి ఉంటే దాడి ఆగిపోయేదని కూడా ఆమె గట్టిగా అనలేదు. అదృష్టం బాగుంటే ఇంకొకరిద్దరు పట్టుబడి ఉండేవారేమోనని మాత్రమే అన్నారు. తప్పు జరగడం కంటే, జరిగిన తప్పును కప్పిపుచ్చడం ఆమెను ఎక్కువ బాధపెట్టింది. తప్పు ఒప్పుకోని సంస్థ దాన్ని దిద్దుకోలేదు కదా.

అప్పటికి ఆమెకు నలుగురు పిల్లలు. ఇంటికి ఆమె జీతమే ఆధారం. పెన్షన్‌తో రిటైరవడానికి ఇంకా రెండున్నరేళ్ళు ఉంది. లేఖ చివర, తప్పును బయటపెట్టిన ఉద్యోగికి చట్టం ఇచ్చే రక్షణ తనకు కావాలని అడిగారు. ఆ వాక్యం చదివితే ఆమె ఎంత భయపడి ఉంటారో తెలుస్తుంది. భయం ఉంది, ఇల్లు ఉంది, అయినా రాశారు. జూన్ 6న సెనేట్ న్యాయ కమిటీ ముందు సాక్ష్యం చెప్పారు. ఆ ఏడాది చివర టైమ్ పత్రిక ముఖచిత్రం మీద, ఎన్రాన్, వరల్డ్‌కామ్ కంపెనీల మోసాలను లోపలినుంచి పట్టి చూపిన మరో ఇద్దరు స్త్రీల పక్కన ఆమె కనిపించారు. తర్వాత న్యాయ శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ జరిపిన విచారణలో కూడా ముసావీ విషయంలో ఎఫ్.బి.ఐ. పనితీరులో లోపాలు తేలాయి.

ముఖచిత్రం మీద మెరిసినా, ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారని కాదు. సంస్థ పరువు తీసిందని అనుకున్నవాళ్ళు ఉన్నారు. ఆమె న్యాయ సలహాదారు పదవి నుంచి తప్పుకుని, 2004 చివర్లో రిటైరయ్యారు.

"ఇంకా వింటారా?"

రెండో కథ పెంటగన్‌లోది. ఆల్బర్టో మోరా అమెరికా నౌకాదళానికి జనరల్ కౌన్సెల్, అంటే ముఖ్య న్యాయాధికారి. తండ్రి క్యూబా దేశస్థుడు, తల్లి హంగరీ నుంచి వచ్చినావిడ. నియంతల పాలన అంటే ఏమిటో ఇంట్లో విని పెరిగిన మనిషి. ఆయన్ను ఆ పదవిలో పెట్టింది జార్జి బుష్ ప్రభుత్వమే. సెప్టెంబర్ 11న విమానం పెంటగన్‌ను ఢీకొట్టినప్పుడు ఆయన ఆ భవనంలోనే ఉన్నారు. కాబట్టి ఆయనకు ప్రమాదం అంటే తెలియదని ఎవరూ అనలేరు.

2002 డిసెంబర్ 17 సాయంత్రం నౌకాదళ నేర పరిశోధన విభాగం అధిపతి డేవిడ్ బ్రాంట్ ఆయన దగ్గరకు వచ్చారు. గ్వాంటనామోలో ఖైదీల విచారణ పేరుతో జరుగుతున్నవి తన మనుషులకు నచ్చడం లేదన్నారు. కొంచెం చెప్పి, ఇంకా వింటారా అని అడిగారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచిద్దాం. గ్వాంటనామో సైన్యం ఆధ్వర్యంలో నడిచేది. అది మోరా పరిధిలోని పని కాదు. "అది మన శాఖ వ్యవహారం కాదులెండి" అంటే సరిపోయేది. ఊరకున్నంత ఉత్తమం లేదని మన సామెత ఎలాగూ ఉంది. ఆయన మాత్రం వింటానన్నారు. విన్నాక ఇక తెలియదనడానికి లేదని ఆయనకు తెలుసు.

మర్నాడు వివరాలు వచ్చాయి. తర్వాత ఒక కాగితం చేతికొచ్చింది. డిసెంబర్ 2న రక్షణ మంత్రి డొనాల్డ్ రమ్స్‌ఫెల్డ్ సంతకం చేసిన అనుమతి పత్రం. ఖైదీలను గంటల తరబడి నిలబెట్టడం, బట్టలు తీసేయడం, కుక్కలతో భయపెట్టడం వంటివి అందులో ఉన్నాయి. కింద మంత్రి చేతిరాతతో ఒక వ్యాఖ్య: తాను రోజుకు ఎనిమిది నుంచి పది గంటలు నిలబడే ఉంటానని, మరి నిలబెట్టడాన్ని నాలుగు గంటలకే ఎందుకు పరిమితం చేశారని.

మోరా రక్షణ శాఖ ప్రధాన న్యాయాధికారి విలియం హేన్స్‌ను కలిశారు. దీన్ని చదివితే ఇది హింసకే దారి తీస్తుందని, ఎక్కడ ఆగాలో ఇందులో ఎక్కడా లేదని చెప్పారు. ఎవరో తొందరలో చేసిన పొరపాటు, చెబితే సర్దుకుంటుందనుకున్నారు. ఆ నమ్మకంతోనే క్రిస్మస్ సెలవులకు మయామీలో ఉన్న తల్లి ఇంటికి వెళ్ళారు. అక్కడికి బ్రాంట్ నుంచి ఫోను వచ్చింది. ఏమీ మారలేదు.

సెలవుల తర్వాత మళ్ళీ వెళ్ళారు, మళ్ళీ చెప్పారు. ఫలితం కనబడలేదు. 2003 జనవరి 15న ఒక మెమో రాసి, సంతకం పెట్టకుండా హేన్స్‌కు పంపారు. ఈ పద్ధతుల్లో కొన్ని క్రూరమైనవి, చట్టవిరుద్ధమైనవి, ఇంకొన్ని చిత్రహింసే కావచ్చు అన్నది దాని సారాంశం. సాయంత్రంలోగా ఆ పద్ధతులు ఆపకపోతే సంతకం పెడతానన్నారు. సంతకం పడితే అది రికార్డు అవుతుంది. తర్వాత ఎవరూ తమకు తెలియదనలేరు. ఆ రోజే రమ్స్‌ఫెల్డ్ తన అనుమతిని ఉపసంహరించుకున్నారు.

కథ ఇక్కడ ముగిస్తే బాగుండేది. కానీ ఆ తర్వాత వేసిన కమిటీ, న్యాయ శాఖ నుంచి వచ్చిన మరో అభిప్రాయాన్ని ఆధారం చేసుకుని, 2003 ఏప్రిల్‌లో తన నివేదిక పూర్తి చేసింది. అది పూర్తయిందన్న సంగతి మోరాకు చెప్పనేలేదు. 2004లో అబూ గ్రేబ్ జైలు ఫొటోలు ప్రపంచమంతా చూసింది. ఆ ఏడాది జూలైలో ఆయన జరిగినదంతా 22 పేజీల్లో రాసి ఇన్‌స్పెక్టర్ జనరల్ విచారణకు ఇచ్చారు. ఆయన గెలిచింది కొద్దిగానే. కానీ ఏ రోజున ఎవరికి ఏం తెలుసో ఈనాడు మనకు తెలుసంటే, ఆ కాగితాలు కూడా ఒక కారణం.

ఈ కథలో అందరూ మోరా పేరే చెబుతారు. నాకు బ్రాంట్ అడిగిన ప్రశ్న కూడా అంతే ముఖ్యమనిపిస్తుంది. అడగడానికి ఒక మనిషి, వింటాననడానికి ఒక మనిషి. ఇద్దరిలో ఏ ఒక్కరు లేకపోయినా అది మొదలే కాదు.

ముహూర్తం పెట్టాక జాతకాలు

మోరా పెంటగన్‌లో వాదిస్తున్న నెలల్లోనే లండన్‌లో ఇంకో వాదన నడుస్తోంది. ఇరాక్ మీద యుద్ధానికి వెళ్ళడం చట్టబద్ధమేనా?

ఎలిజబెత్ విల్మ్స్‌హర్స్ట్ బ్రిటన్ విదేశాంగ శాఖలో న్యాయ సలహాదారుగా 1974లో చేరారు. 2003 నాటికి ఉప ప్రధాన న్యాయ సలహాదారు. అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు ఏర్పాటు కోసం జరిగిన చర్చల్లో బ్రిటన్ తరఫున పనిచేసినావిడ. దురాక్రమణ అనే మాటకు చట్టంలో ఎంత బరువుందో ఆమెకు బాగా తెలుసు.

2002 నవంబర్ 8న భద్రతామండలి 1441వ తీర్మానం చేసింది. అదొక్కటే యుద్ధానికి చాలదు, మరో తీర్మానం కావాలి అని విదేశాంగ శాఖలో ఈ విషయం చూస్తున్న న్యాయ సలహాదారులందరి అభిప్రాయం. ప్రధాన సలహాదారు మైకేల్ వుడ్ జనవరిలో ఆ సంగతి లిఖితపూర్వకంగా చెప్పారు. విదేశాంగ మంత్రి జాక్ స్ట్రా, సలహా చూశాను కానీ అంగీకరించడం లేదని బదులు రాశారు.

ప్రభుత్వానికి చివరి న్యాయ సలహా ఇవ్వాల్సింది అటార్నీ జనరల్ లార్డ్ గోల్డ్‌స్మిత్. మార్చి 7న ఆయన ఇచ్చిన సుదీర్ఘమైన సలహాలో, రెండో తీర్మానం తెచ్చుకోవడమే సురక్షితమైన దారి అని ఉంది. అయితే మొదటి తీర్మానంతోనే సరిపోతుందని వాదించడానికి కూడా వీలుందన్నారు. పది రోజులు గడిచేసరికి, మార్చి 17న పార్లమెంటుకు ఇచ్చిన పొట్టి సమాధానంలో ఆ సందేహాలేవీ లేవు. యుద్ధం చట్టబద్ధమే అన్నారు. మొదటి సలహా పూర్తి పాఠాన్ని మంత్రివర్గం ముందు పెట్టలేదు.

మార్చి 18న పార్లమెంటు 412కి 149 ఓట్లతో యుద్ధానికి ఒప్పుకుంది. ఆ రోజు తేదీతోనే విల్మ్స్‌హర్స్ట్ తన లేఖ రాశారు. రెండో తీర్మానం లేకుండా బలప్రయోగం చట్టబద్ధమని తాను ఒప్పుకోలేనని, ఈ స్థాయిలో జరిగే చట్టవిరుద్ధ బలప్రయోగం దురాక్రమణ నేరం కిందికి వస్తుందని రాశారు. ముందస్తు రిటైర్మెంటు ఇవ్వమని, అది కుదరకపోతే రాజీనామాగా తీసుకోమని అన్నారు. దాదాపు ముప్ఫై ఏళ్ళ ఉద్యోగం. ఎంతో బాధతో వెళుతున్నానని రాసి వెళ్ళిపోయారు.

ఆమె పత్రికల వాళ్ళను పిలవలేదు. రెండేళ్ళ తర్వాత, 2005 మార్చిలో, సమాచార హక్కు చట్టం కింద ఆ లేఖ బయటకు వచ్చింది. అందులోనూ ఒక భాగం చెరిపేసి ఇచ్చారు. ఆ భాగం టీవీ వార్తల్లో బయటపడితే, అటార్నీ జనరల్ అభిప్రాయం మారిన సంగతి అందులో ఉందని లోకానికి తెలిసింది.

2010 జనవరి 26న, యుద్ధంపై విచారణ జరుపుతున్న చిల్కాట్ కమిటీ ముందు ఆమె సాక్ష్యం చెప్పారు. అక్కడ ఆమె అన్న ఒక సంగతి ఆఫీసు ఉద్యోగం చేసే ప్రతి ఒక్కరికీ అర్థమవుతుంది. సైన్యాలు మోహరించాక, చిట్టచివర అటార్నీ జనరల్‌ను చట్టబద్ధమా కాదా అని అడిగారు. ఆ సమయంలో కాదంటే సద్దాం హుస్సేన్‌కు ఎంత పెద్ద ప్రచార విజయమవుతుందో ఆలోచించండి అన్నారు. మన భాషలో చెప్పాలంటే, పందిరి వేసి, శుభలేఖలు పంచి, ముహూర్తం పెట్టాక జాతకాలు చూడమన్నట్టు. ఏ సిద్ధాంతి కాదనగలడు? ఆమె సాక్ష్యం ముగించి లేస్తుంటే సందర్శకుల వరసల్లోంచి చప్పట్లు వినిపించాయి. 2016 జూలై 6న వెలువడిన చిల్కాట్ నివేదిక, యుద్ధానికి చట్టపరమైన ఆధారం ఉందని నిర్ణయించిన తీరు ఏమాత్రం సంతృప్తికరంగా లేదని తేల్చింది.

గీత దాటిన అమ్మాయి

నాలుగో కథ చెప్పడానికి కొంచెం కష్టం. ఎందుకంటే ఆమె నియమం తప్పింది, ఆ సంగతి ఆమే ఒప్పుకుంది.

కాథరిన్ గన్ బ్రిటన్ గూఢచారి సంస్థ జి.సి.హెచ్.క్యూ.లో చైనీస్ అనువాదకురాలు. వయసు 28. 2003 జనవరి 31న అమెరికా సంస్థ ఎన్.ఎస్.ఎ. నుంచి ఒక ఈమెయిల్ వచ్చింది. యుద్ధ తీర్మానం మీద ఎటూ తేల్చుకోని అంగోలా, కామెరూన్, చిలీ, బల్గేరియా, గినీ, పాకిస్తాన్ దేశాల ఐక్యరాజ్యసమితి ప్రతినిధుల మీద నిఘా పెట్టడానికి సాయం చేయమని అందులో కోరారు. ఉగ్రవాదుల నుంచి దేశాన్ని కాపాడటం వేరు, ఓట్లు రాబట్టడానికి ఇతర దేశాల రాయబారుల మాటలు వినడం వేరు అని ఆమెకు అనిపించింది. ఆ ఈమెయిల్ ప్రింటు తీసి, తెలిసిన ఒకరి ద్వారా బయటికి పంపింది. మార్చి 2న అది అబ్జర్వర్ పత్రిక మొదటి పేజీలో వచ్చింది.

కార్యాలయంలో విచారణ మొదలైంది. తోటివాళ్ళను ఒక్కొక్కరినీ పిలిచి అడుగుతున్నారు. గన్ మొదట తనకు తెలియదంది. తర్వాత ఉండబట్టలేక తన పై అధికారిణి దగ్గరకు వెళ్ళి, ఆ పని చేసింది తానేనని చెప్పేసింది. అరెస్టు చేశారు, ఉద్యోగం పోయింది. ఎనిమిది నెలలు గడిచాక, నవంబర్‌లో, 1989 నాటి అధికార రహస్యాల చట్టం కింద కేసు పెట్టారు. ప్రజల మేలు కోసం చేశానని చెప్పుకోవడానికి ఆ చట్టంలో చోటు లేదు. చట్టవిరుద్ధమైన యుద్ధంలో పోయే ప్రాణాలను కాపాడటానికి వేరే దారి లేక చేసిందన్నది ఆమె లాయర్ల వాదన. అందుకోసం యుద్ధం చట్టబద్ధతపై ప్రభుత్వానికి అందిన సలహాలను బయటపెట్టమని వాళ్ళు అడిగారు. అంటే విల్మ్స్‌హర్స్ట్ ఏ ప్రశ్న మీద ఉద్యోగం వదులుకున్నారో, అదే ప్రశ్న కోర్టుకు రాబోయింది. 2004 ఫిబ్రవరి 25న, కేసు మొదలైన కాసేపటికే, ప్రాసిక్యూషన్ సాక్ష్యాలు ప్రవేశపెట్టబోమని చెప్పి కేసు వదిలేసింది.

గన్ జైలుకు వెళ్ళలేదు. యుద్ధమూ ఆగలేదు. ఆమె మళ్ళీ అలాంటి ఉద్యోగం చేయలేదు. కొన్నేళ్ళకు దేశం విడిచి టర్కీ వెళ్ళి స్థిరపడింది. 2019లో ఆమె మీద అఫీషియల్ సీక్రెట్స్ అనే సినిమా వచ్చింది. రహస్యం బయటపెట్టడం తప్పని నమ్మేవాళ్ళూ, ఆమె చేసిందే సరైనదని నమ్మేవాళ్ళూ మనలో ఇద్దరూ ఉంటారు. నా మటుకు నాకు ఆమె కథలో ఎక్కువగా గుర్తుండిపోయేది ఆ ఈమెయిల్ కాదు. తన వల్ల తోటివాళ్ళు అనుమానాలపాలవుతుంటే చూడలేక, ఎవరూ పట్టుకోకముందే వెళ్ళి ఒప్పుకోవడం.

మన ఇంటి సంగతి

ఈ నలుగురి కథలూ పక్కపక్కన పెట్టి చూస్తే కొన్ని పోలికలు కనిపిస్తాయి.

మొదటిది, ఒత్తిడి ఎప్పుడూ తొందర రూపంలో వస్తుంది. "తప్పు చెయ్యి" అని ఎవరూ అనరు. "ఇప్పుడు టైము లేదు, తర్వాత చూసుకుందాం" అంటారు. తొందర పెడుతున్నారంటే ఒకసారి ఆగి చూడాలన్నమాట.

రెండోది, కాగితం. రౌలీ 13 పేజీలు, మోరా సంతకం పెట్టని మెమో, విల్మ్స్‌హర్స్ట్ లేఖ. నోటి మాటకు ఆయుష్షు తక్కువ. తేదీ వేసి, కోపం లేకుండా, తెలిసింది తెలిసినంతే రాసి, పంపాల్సిన చోటికే పంపిన మాట పదేళ్ళ తర్వాత కూడా సాక్ష్యం చెబుతుంది. రహస్య పత్రాలతో పనిచేసేవాళ్ళు ఆ రాత కూడా ఆఫీసు లోపలి పద్ధతిలోనే రాయాలి. ఇంటికి తెచ్చుకోవడం, సొంత ఈమెయిల్‌లో దాచుకోవడం కొత్త చిక్కులు తెస్తాయి. అమెరికాలో పెద్ద ప్రభుత్వ శాఖల్లో ఇన్‌స్పెక్టర్ జనరల్ ఉంటారు, కాంగ్రెస్‌లో ఇంటెలిజెన్స్ కమిటీలుంటాయి. బ్రిటన్‌లో తప్పు బయటపెట్టినవారికి రక్షణగా 1998లో వచ్చిన చట్టం గూఢచారి సంస్థల ఉద్యోగులకు వర్తించదు. ఏ దేశంలో ఏ తలుపు తట్టాలో అవసరం రాకముందే తెలుసుకోవాలి. ఇల్లు అంటుకున్నాక బావి తవ్వితే లాభం లేదు.

మూడోది, ఖర్చు. నలుగురూ ఏదో ఒకటి పోగొట్టుకున్నారు. మనలాంటి వలస కుటుంబాల్లో ఆ ఖర్చు ఇంకాస్త పెద్దదిగా కనబడుతుంది. ఇంటి లోను, పిల్లల చదువు, ఊళ్ళో అమ్మానాన్నల మందులు. దానికి తోడు ఇంకొకటుంది. పేరు, రంగు వేరైనవాళ్ళు ప్రశ్న అడిగితే, "ఈమె అసలు మన మనిషేనా?" అని చూసేవాళ్ళు ఉంటారేమోనన్న జంకు. అందుకే నీళ్ళలో ఉంటూ మొసలితో వైరం ఎందుకని పెద్దవాళ్ళు పిల్లలకు చెబుతారు. ప్రేమతోనే చెబుతారు. కానీ మోరా కూడా వలస వచ్చిన తల్లిదండ్రుల కొడుకే. తాను దేశానికి విధేయుడిని కాబట్టే ఆ మాట చెప్పాలనుకున్నారు. కొన్ని నెలల ఖర్చులకు సరిపడా డబ్బు విడిగా దాచుకుంటే, అవసరమైన రోజు కాదనడానికి కాస్త ధైర్యం వస్తుంది. ఇలాంటి ఉద్యోగాల్లో అది పొదుపు మాత్రమే కాదు, ఆత్మగౌరవానికి పెట్టుకునే పెట్టుబడి.

నాలుగోది ఇప్పటికే పెద్ద స్థానాల్లో ఉన్నవాళ్ళ కోసం. మనలో మేనేజర్లున్నారు, డైరెక్టర్లున్నారు, ఆసుపత్రుల్లో విభాగాలు నడిపేవాళ్ళున్నారు. మనది దేశ రక్షణ కాకపోవచ్చు. కానీ మన కింద పనిచేసే అమ్మాయి తలుపు దగ్గర నిలబడి, "ఒక విషయం చెప్పాలి, వింటారా?" అని అడిగే రోజు అందరికీ వస్తుంది. వింటే పని పెరుగుతుంది, శత్రువులు పెరుగుతారు. ఆ క్షణంలో "కూర్చోమ్మా, చెప్పు" అనగలగడమే నాయకత్వమని నాకనిపిస్తుంది.

మహాభారతం సభాపర్వంలో ద్రౌపది అడిగింది ఒక న్యాయ ప్రశ్న. తనను తాను ఓడిపోయిన మనిషికి నన్ను పణంగా పెట్టే హక్కుందా అని. ఆ సభలో ధర్మం తెలిసినవాళ్ళకు కొదవ లేదు. భీష్ముడు ధర్మం సూక్ష్మమన్నాడు. మిగతా పెద్దలు తల దించుకున్నారు. కౌరవుల్లోనే చిన్నవాడైన వికర్ణుడు లేచి ఇది అన్యాయమన్నాడు. చిన్నపిల్లాడివి నీకేం తెలుసని కర్ణుడు అతని నోరు మూయించాడు. ఆ రోజు భీష్ముడు ఒక్క మాట అనుంటే ఏమయ్యేదో అని మనం తరతరాలుగా అనుకుంటూనే ఉన్నాం.

మన పిల్లలు ఎలాంటి సభల్లో కూర్చుంటారో మనకు తెలియదు. కొన్నిటి సంగతి వాళ్ళు మనకు ఎప్పటికీ చెప్పలేరు కూడా. అక్కడ వాళ్ళ పక్కన మనం ఉండం. మనం ఇవ్వగలిగేది ముందుగా ఇవ్వాల్సిందే. భోజనాల దగ్గర వాళ్ళు మన మాటకు ఎదురు చెప్పినప్పుడు, "పెద్దవాళ్ళకు ఎదురు చెబుతావా?" అనకుండా, "సరే, ఎందుకో చెప్పు" అని వినడం. ఒక్కసారైనా, "నువ్వన్నదే నిజం, నేనే పొరబడ్డాను" అనడం. పెద్దవాళ్ళతో కాదని చెప్పినా ప్రేమ తగ్గదని ఇంట్లో నేర్చుకున్న పిల్లకు, ఎవరికీ చెప్పుకోలేని గదిలో ఆ మాట చెప్పాల్సి వచ్చినప్పుడు గొంతు పెగులుతుంది.